పశ్చాత్తాపమా, రోజూ రా!

పొద్దుగూకే వేళ రా. ఎల్లారెడ్డి నుంచి ఆఖరి బస్సు లింగంపేట అడవి దారి పట్టాక, కామారెడ్డి గంజ్‌లో బెల్లం తూచిన కాంటాలు ఆగిపోయాక, గొడ్లు కొట్టాలకు చేరి పొయ్యి మీద ఎసరు మరుగుతున్న ఆ కాస్త వ్యవధిలో రా. అప్పుడు మా చేతులు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ చేతులు జోడించుకుని కూర్చుంటాం, నువ్వొస్తావని.

ఉరుములతో రావద్దు, మెరుపులతో రావద్దు. పొద్దున ఎవరిని ఏమన్నామో గుర్తుచేసే చిన్న నొప్పివై రా. తూకంలో వేలు ఆన్చిన సంగతి, కోడలి కంచంలో కూర తగ్గించిన సంగతి, ముసలి తండ్రి ఫోను చేస్తే చూసి కూడా ఎత్తని సంగతి, పక్కింటి పిల్లకు సంబంధం వచ్చిందని విని లోపల చిన్నబుచ్చుకున్న సంగతి, ఒక్కొక్కటే తెచ్చి మా ముందు పెట్టు. దేవునికి ఇవన్నీ తెలుసు. తెలియనట్టు తిరుగుతున్నది మేమే.

మారుమనసు ఒక్కసారి పొందితే చాలదా, బాప్తిస్మం నీళ్లలో మునిగి లేచిన రోజుతో లెక్క తీరిపోలేదా అని అడిగేవాళ్లున్నారు. వాళ్లను మా మంజీర ఒడ్డుకు తీసుకురావాలనిపిస్తుంది.

బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదరు సీమలు చుట్టి, మెదక్ నేల దాటి మా గడ్డ మీదికి వస్తుంది మంజీర. 1923లో ఆ నదికి అడ్డుకట్ట మొదలుపెట్టారు. 1931కల్లా నిజాంసాగర్ నిలబడింది. కట్టిన కొత్తలో దాదాపు 30 టీఎంసీల నీళ్లు పట్టేవి. ఆ తర్వాత ఏ శత్రువూ వచ్చి కట్ట తెంపలేదు. ఏ భూకంపమూ దాన్ని కదిలించలేదు. ప్రతి వానాకాలం నది తనతో పాటు కాస్త మట్టి తెచ్చింది, తెచ్చినదాన్ని చప్పుడు లేకుండా అడుగున దించిపోయింది. అంతే జరిగింది. నలభై ఏళ్లు తిరిగేసరికి, 1970లలో కొలిచి చూస్తే, 12 టీఎంసీల నీళ్లు కూడా పట్టని స్థితికి వచ్చింది సాగరం. పైపైన నీళ్లు మిలమిలా మెరుస్తూనే ఉన్నాయి. కట్ట మీద నిలబడి చూసేవాళ్లకు ఏ తేడా తెలియలేదు. కాలువ చివర పొలం ఉన్న రైతుకే తెలిసింది, నీళ్లు తనదాకా రావడం లేదని.

మనిషి గుండె పూడిపోవడమూ సరిగ్గా ఇంతే. హత్యలు చేసి ఎవరూ దేవునికి దూరం కారు మా ఊళ్లల్లో. రోజుకొక అబద్ధం, రోజుకొక ఈసడింపు, రోజుకొక పట్టనితనం. అడుగున దిగుతూ పోతుంది. పైన ప్రార్థన మెరుస్తూనే ఉంటుంది, పాట మెరుస్తూనే ఉంటుంది, ఆదివారం తెల్లబట్టలూ మెరుస్తూనే ఉంటాయి. చివరి పొలానికే తెలుస్తుంది. ఇంట్లో అందరికంటే చివర తినే మనిషికి తెలుస్తుంది, మన దయ తనదాకా రావడం లేదని.

నిజాంసాగర్‌కు ఆ తర్వాత కట్ట ఎత్తు పెంచారు. 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఇంజనీర్లు చేయగలిగింది చేశారు, రైతుకు మేలే జరిగింది. పోయిన లోతు మాత్రం తిరిగి రాలేదు. మా సంఘాల్లో ఈ సంగతి తలచుకుంటే నాకు దిగులేస్తుంది. లోతు తగ్గిందని తెలిసినప్పుడల్లా మేమూ కట్ట ఎత్తు పెంచుతున్నాం. ఇంకా పెద్ద పందిరి వేస్తాం, ఇంకా పెద్ద మైకు పెడతాం, మూడు రోజుల కూటాలు ఐదు రోజులు చేస్తాం. అడుగున చెయ్యి పెట్టి మట్టి తీయడానికి మాత్రం మనసొప్పదు. ఆ పని కనబడదు, ఆ పనికి చప్పట్లుండవు. పశ్చాత్తాపమా, నువ్వు చేసేది ఆ పనే.

చెరువు పూడిక ఎండాకాలంలోనే తీస్తారు. నీళ్లు తగ్గితేనే అడుగు కనబడుతుంది. 2015 మార్చి 12న చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పని మొదలైంది మా సదాశివనగర్ పాతచెరువులోనే. ఎండిన చెరువులో తవ్విన ఆ నల్లమట్టిని ఎవరూ ఊరవతల పారబోయలేదు. రైతులు ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకుపోయారు. చెరువును చంపుతున్న మట్టి చేనుకు సత్తువైంది. ఎరువుల ఖర్చు తగ్గింది, చెలకలు పచ్చబడ్డాయి.

ఇది తలచుకున్నప్పుడల్లా నీ మీద ప్రేమ పొంగుకొస్తుంది, పశ్చాత్తాపమా. నువ్వు మాలోంచి తవ్వి తీసినదాన్ని కూడా దేవుడు వ్యర్థంగా పోనివ్వడు. ఒకప్పుడు తాగి ఇల్లు గుల్ల చేసుకున్నవాడే ఇవాళ తాగుబోతు ఇంటి ముందు గంటలకొద్దీ ఓపికగా కూర్చోగలడు. ఒకప్పుడు కోడలిని ఏడిపించిన అత్తే మరో ఇంటి కోడలి కన్నీళ్లను ముందుగా గుర్తుపడుతుంది. మేం సిగ్గుపడి దాచుకున్న మట్టే ఇంకొకరి చేనులో పంటవుతుంది.

ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన చిన్నది. దానిలో ఏ రోజు అన్నం ఆ రోజుకు అడగమన్నాడు. ఆ వెంటనే క్షమించమని అడగమన్నాడు. అన్నానికీ క్షమాపణకూ మధ్య ఆయన ఇంకో మాట చొప్పించలేదు. ఎల్లారెడ్డిలో గుడిసె వేసుకున్న కూలీకైనా, కామారెడ్డిలో మేడ కట్టుకున్న షావుకారుకైనా నిన్నటి బువ్వ ఇవాళ్టి ఆకలికి చాలదు. నిన్నటి ఒప్పుకోలూ చాలదు. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 వాదాల్లో మొట్టమొదటిది ఇదే: విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలని. సంస్కరణకు తలుపు తెరిచిన ఆ కాగితం మొదలైంది రోమును తిట్టడంతో కాదు, నీ పేరుతో.

మా సీమకు సువార్త తెచ్చింది వెస్లియన్ మెథడిస్టులు. వాళ్ల మూలపురుషుడు జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే కాలం నుంచే తన దినచర్యను తానే ప్రశ్నించుకుని డైరీలో రాసుకున్నవాడు. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో ఆయన గుండె వెచ్చబడింది. అప్పటికి ఆయన గురువుగా పట్టం పొంది దాదాపు పదేళ్లయింది, సముద్రం దాటి వెళ్లి బోధించి వచ్చాడు. అన్నీ ఉండి శాంతి లేక తిరిగిన మనిషి ఆయన. ఆయన వారసులు మెదక్ దాకా వచ్చారు. ఆయన ఆరాటమూ వాళ్లతో పాటే వచ్చిందని నా నమ్మకం. డిసెంబర్ 31 రాత్రి మా గుళ్లల్లో మేలుకుని ఏడాది పాపాలు ఒప్పుకుంటాం. మంచిదే. కానీ 365 రోజుల మట్టి ఒక్క రాత్రిలో తీయగలిగిన పార ఎక్కడా దొరకదు.

నీ ఇల్లు కన్నీళ్లలోనే ఉందనుకుంటారు చాలామంది. నీ ఇల్లు పొలం గట్టు మీద కూడా ఉంది.

గట్టు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎకరం, రెండెకరాల చెలకలు మావి. ఒక చేనుకూ ఇంకో చేనుకూ నడుమ మట్టిగట్టు. దుక్కి దున్నేటప్పుడు నాగలి కాస్త అటు ఒరిగిస్తే గట్టులోంచి బెత్తెడు మన చేనులో కలుస్తుంది. వచ్చే ఏడు ఇంకో బెత్తెడు. ట్రాక్టరు వచ్చాక మరీ సులువైంది, కల్టివేటర్ చివరి కొండి గట్టును గీరుకుంటూ పోతుంది, ఎవరూ దిగి చూడరు. మొదట్లో ఆ గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడిచేవారు. తర్వాత ఒక్కరే నడిచేవారు. ఆ తర్వాత సద్దిమూట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ఆ గట్టు మీద కాలు నిలదొక్కుకోలేక చేనులోకి దిగి నడవాల్సి వస్తుంది. అవతలి చేను మగదిక్కు లేని ఇల్లాలిదైతే పంచాయతీ పెట్టించేవాళ్లు కూడా ఉండరు. పొరుగువాడి సరిహద్దు రాయి జరపకూడదని మోషే ధర్మశాస్త్రంలో స్పష్టంగా ఉంది. ఆదివారం ఆ వాక్యం చదివి సోమవారం దుక్కికి పోయేవాళ్లం మనమే.

అలాంటి మనిషి గుండెలోకి నువ్వు దిగినప్పుడు ఏం జరుగుతుంది? అతడు మోకాళ్లూని ఏడుస్తాడు, నిజమే. తెల్లారి లేచి పార భుజాన వేసుకుంటాడు. తాడు తీసుకుంటాడు. వరసకు వదిన అయ్యే ఆ ఇల్లాలి వాకిట్లో నిలబడతాడు.

“వదినా, గట్టు మీద గా రెండు బెత్తెలు నీయే. నాలుగేండ్ల సంది నేనే దున్నుకుంటున్న. హద్దురాయి కాడికెల్లి తాడు పట్టిస్త, రా. పంట పైసలు గూడ లెక్కజెప్పు.”

“గిన్నేండ్లు లేనిది గిప్పుడెందుకు యాదికొచ్చింది మరిదీ?”

“నిద్ర పడ్తలేదు వదినా.”

యెరికోలో మేడిచెట్టెక్కిన జక్కయ్య చేసిందీ ఇదే. సుంకరుల పెద్ద అతడు, పన్ను పేరున జనాన్ని పిండినవాడు. యేసు ఆ రోజు అతని ఇంట్లో ఉంటానన్నాడు. ముందు నీ లెక్కలు తేల్చుకో, తర్వాత వస్తానని అనలేదు. ఇల్లు చేరిన ప్రేమను చూసి జక్కయ్యే లేచి నిలబడ్డాడు. ఆస్తిలో సగం బీదలకన్నాడు, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. అంత పెద్ద ఒప్పుకోలులో ఏడ్చినట్టు ఒక్క ముక్క కూడా రాసి లేదు లూకా సువార్తలో. తిరిగి ఇవ్వడమే రాసి ఉంది. కన్నీళ్లను నేను తక్కువ చేయడం లేదు, పశ్చాత్తాపమా. గట్టు తరిగిన గట్టుగానే మిగిలిపోయి కళ్లు మాత్రమే తడిస్తే, ఆ వచ్చింది నువ్వు కాదంటున్నాను.

ఇప్పుడు ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. నీ పేరు చెప్పి వంచకూడని తలలున్నాయి.

మా ఊళ్లల్లో సాయంత్రం ఏ వాడకు పోయినా అరుగుల మీద ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని కనిపిస్తారు. తడిపి మెత్తబరిచిన తునికాకును కొలతకు కత్తిరిస్తారు, చిటికెడు తంబాకు పరుస్తారు, వేళ్ల మధ్య దొర్లించి చుడతారు, కొస మడిచి దారం బిగిస్తారు. కళ్లు చూడనక్కర్లేదు, వేళ్లకే తెలుసు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. గోళ్ల సందుల్లో తంబాకు పొడి, చూపుడువేలు కొసన కాయకట్టిన చర్మం, రాత్రిళ్లు ఆగని దగ్గు. ఇచ్చిన ఆకులో సగం చిల్లులున్నా బీడీలు మాత్రం లెక్కకు తగ్గకూడదు. తాగొచ్చిన మొగుడు కొడితే తనదే తప్పన్నారు. ఆడపిల్లలే పుడితే తనదే తప్పన్నారు. పుట్టిన కులాన్ని బట్టి ఊరి బావి దగ్గర తలవంచుకుని నిలబడిన అవ్వలకు మనవరాళ్లు వీళ్లు. పుట్టింది మొదలు లోకం వీళ్లకు చెబుతూ వచ్చిన మాట ఒక్కటే, నువ్వు తక్కువదానివి అని.

అలాంటి తల్లి గుడికి వచ్చి కూర్చుంటే, పైనుంచి ఇంకొకరు వేలు చూపించి ‘నువ్వు పాపివి’ అని అరిస్తే, ఆ అరుపులో నువ్వు లేవు. ఆ వేలిలో క్రీస్తు లేడు. కొట్టినవాడి పాపం దెబ్బలు తిన్నదాని నెత్తిన పెట్టడం ఒప్పుకోలు కాదు, అన్యాయం. నువ్వొచ్చినప్పుడు ఆ తల్లి తల పైకి లేస్తుంది. ఎందుకంటే నువ్వు ఆమెను మనిషిగా ఎంచి మాట్లాడతావు. ‘ఇది నీ తప్పు కాదు, దింపెయ్యి’ అని చాలా మూటలు దింపిస్తావు. ‘ఇదొక్కటి నీది, తోడికోడలి మీద చెప్పిన ఆ చాడీ నీది’ అని ఒక్కటి చేతిలో పెడతావు. తనది తనదని, తనది కానిది కాదని చెప్పగలిగిన మనిషికి గౌరవం తిరిగి వస్తుంది. దేవుని ఎదుట తన పేరున తాను నిలబడటం ఆ తల్లికి ఎవరూ ఇవ్వని హక్కు. దాన్ని నువ్విచ్చావు.

రోగాన్నీ, వరదనూ పాపానికి ముడిపెట్టే నోళ్లను కూడా నువ్వు మూయించు. కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే దారిలో డిచ్‌పల్లి ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ కుష్ఠు రోగులకు ఆసుపత్రి తెరిచారు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఆ పనికి డబ్బిచ్చాడు. ఊరు వెలివేసినవాళ్లను, సొంత బిడ్డలు కూడా ముట్టనివాళ్లను ముట్టుకుని మందేసింది ఆమె. ఏం పాపం చేశావని అడిగి ముట్టుకోలేదు. పోనీ మొన్నటి సంగతి చూడండి. 2025 ఆగస్టు చివర కామారెడ్డి మీద, ఎల్లారెడ్డి మీద ఆకాశం తెగి పడింది. కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, నూరేళ్ల పోచారం కట్ట మీదుగా నీళ్లు దూకాయి. కట్ట మాత్రం నిలిచింది. అలాంటి రోజున ఎవరి పాపం ఇదని వెతకబోయేవాళ్లకు యేసు ఎప్పుడో జవాబిచ్చాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు అందరికంటే పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు. ఆ వెంటనే విన్నవాళ్ల వైపు తిరిగి, మీరు మారండి అన్నాడు. మునిగినవాడి పాపం లెక్కపెట్టే చెయ్యి కాదు, పడవలో నుంచి అందించే చెయ్యి నీది.

యూదా, పేతురు ఒకే రాత్రి తప్పు చేశారు. ఒకడు ముద్దు పెట్టి యేసును అప్పగించాడు. ఇంకొకడు చలిమంట కాచుకుంటూ ఆయనెవరో తెలియదని ముమ్మారు బొంకాడు. ఇద్దరికీ గుండె పగిలింది. యూదా 30 వెండి నాణేలు తిరిగి విసిరేశాడు కూడా. అయినా అతడు ఒంటరిగా వెళ్లిపోయాడు, తన తీర్పు తానే రాసుకున్నాడు. పేతురు కోడి కూత విని వెక్కివెక్కి ఏడ్చి, తోటివాళ్ల మధ్యకే తిరిగి వచ్చాడు. కొన్నాళ్లకు సముద్రం ఒడ్డున, నిప్పుల మీద చేపలు కాలుతుండగా, యేసు అతణ్ణి మూడుసార్లు ఒకే ప్రశ్న అడిగాడు: నన్ను ప్రేమిస్తున్నావా అని. మూడు బొంకులకు మూడు అవకాశాలు. అందుకే నేను నీ గురించి పాడుతూ తోడు గురించి కూడా పాడతాను. అప్పుల్లో మునిగి, అవమానంలో మునిగి, చేసిన తప్పు తలచుకుని పురుగుమందు డబ్బా వైపు చూస్తున్న తమ్ముడెవరైనా ఈ మాటలు చదువుతుంటే, నాయనా, నిన్ను చావమనేది పశ్చాత్తాపం కాదు. అది ఇంకేదో గొంతు. లేచి ఎవరింటికైనా పో. పాస్టరయ్యగారి ఇంటికి పో, దోస్తు ఇంటికి పో, పలకరించిన మనిషి దగ్గర కూర్చో. తెల్లవారి కోడి కూస్తుంది. పేతురుకు కూడా అది తెల్లవారే గడియే.

ఇక శాంతి మాట. శాంతి కోసం కొండలెక్కేవాళ్లను, ఊళ్లు తిరిగేవాళ్లను చూశాను. బైబిల్‌ను చించి పారేసిన పంజాబీ కుర్రాడు బఖ్త్ సింగ్ కెనడాలో చదువుకుంటూ అదే బైబిల్ చదివి మోకరించాడు. తర్వాత ఆయన హైదరాబాద్‌లో హెబ్రోను ప్రార్థనా మందిరం నెలకొల్పాడు. 2000 సంవత్సరంలో కన్నుమూసేదాకా లక్షలమందికి మోకాళ్ల మీద నిలబడటం నేర్పాడు. వెతికినంత కాలం దొరకనిది వంగిన చోట దొరికింది.

మా గుళ్లల్లో శాంతి ఎట్లా చేతికొస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. 1947 సెప్టెంబర్ 27న నాలుగైదు సంఘాల వారసత్వాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఎన్నేళ్లుగానో వేర్వేరు బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. 1950లో వాళ్లు తయారుచేసుకున్న సంస్కారపు ఆరాధన క్రమంలో ఒక ఘట్టం ఉంది. ముందు అందరూ పాపాలు ఒప్పుకుంటారు. రొట్టె విరవడానికి ముందు సమాధానం ఇచ్చిపుచ్చుకుంటారు. గురువు తన కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమ చేతులతో ఒకరి కుడిచేతిని ఒకరు మూస్తారు. ఆ చేతుల్లోంచి అది పక్కవారికి, వారి నుంచి వెనక వరసకు, అట్లా చివరి చాప దాకా పోతుంది. ప్రాచీన సంఘం పాటించి, చాలాచోట్ల మరుగునపడిన ఆ పద్ధతిని మన దక్షిణాది సంఘం మళ్లీ బతికించింది. తర్వాత ప్రపంచంలో ఎన్నో సంఘాలు దాన్ని అందుకున్నాయి.

ఆ చేతులను గమనించండి. నారు పీకిన వేళ్లు, తంబాకు మరకలున్న వేళ్లు, ఆర్టీసీ స్టీరింగు పట్టిన అరచేయి, చాక్‌పీసు పొడి అంటిన టీచరమ్మ చేయి. పై నుంచి ఊడిపడదు మన శాంతి. పక్కవాడి చేతిలోంచే వస్తుంది. నాలుగు నెలలుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే వరసలో కూర్చుంటే ఆ వరస దగ్గర సమాధానం ఒక్క క్షణం ఆగుతుంది. అందరూ ఊపిరి బిగబడతారు. అర్పణ బలిపీఠం ముందు వదిలి, పోయి ముందు నీ సహోదరుడితో సమాధానపడు అన్న ప్రభువు మాట అక్కడ పరీక్షకొస్తుంది. ఆ క్షణంలో చేయి చాచినవాడే ఆ రోజు ప్రసంగం చేసినవాడు.

ఎల్లారెడ్డి నుంచి పోచారం మీదుగా పోతే మెదక్ చర్చి కనబడుతుంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టిన కట్టడం అది. పదేళ్ల పనిలో కరువు కాలపు కూలీలకు అన్నం దొరికింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. బలిపీఠం వెనక ఆరోహణపు రంగుటద్దం 1927లో అమర్చారు. పగలు లోపల నిలబడితే నీలాలూ ఎరుపులూ మీద పడతాయి. పొద్దు వాలిందా, గుళ్లో ఎన్ని దీపాలు వెలిగించినా ఆ బొమ్మలు కనబడవు. బయటి వెలుగు లోపలికి రావాలి. శాంతి మేం వెలిగించేది కాదని నాకు ఆ అద్దం ముందు నిలబడినప్పుడల్లా తోస్తుంది. మా పని అద్దం మీది దుమ్ము తుడుచుకోవడం. పొద్దు పొడిపించేది ఆయన.

దావీదు రాజు కూడా తన తప్పు ఒప్పుకున్నాకే శాంతిగా నిద్రపోయి ఉంటాడు. ఊరియాను చంపించి, అతని భార్యను తెచ్చుకుని, నెలల తరబడి ఏమీ జరగనట్టు కొలువు తీర్చాడు. నాతాను ప్రవక్త వచ్చి ఒక పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్ల కథ చెప్పాడు. రాజు కోపంతో ఊగిపోయి తీర్పిచ్చాడు. ఆ మనిషివి నువ్వే అన్నాడు నాతాను. అప్పుడు రాజు ప్రవక్త తల తీయించలేదు, తన తల వంచాడు. ఆయన పేరున ఉన్న 51వ కీర్తన ఇప్పటికీ భస్మ బుధవారం నాడు మా నోళ్లల్లో నలుగుతుంది. పురుషోత్తమ చౌదరి నుంచి నిన్నమొన్నటి పల్లె పాటగాడి దాకా తెలుగు క్రైస్తవ కీర్తనకారులందరూ ఆ గుమ్మం దాటి వచ్చినవాళ్లే.

గల్ఫుకు పోయినవాళ్లను కూడా మరువకు, పశ్చాత్తాపమా. మా ఊళ్లల్లో ఇంటికొక కొడుకు దుబాయిలోనో, కువైట్‌లోనో ఉంటాడు. అక్కడ సెలవు రోజే ఆరాధన. ఆరాధన ముగించుకుని, క్యాంపు గదిలో పైమంచం మీద కూర్చుని ఇంటికి ఫోను చేస్తాడు. పైసలు అందినయా, పిల్లగాడు బడికి పోతున్నడా అని అడుగుతాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, మొన్న ఫోన్లో నిన్ను గట్టిగ తిట్టిన, తప్పయింది అంటాడు. ఇక్కడ చాట పక్కన పెట్టి ఆమె ఏమీ అనదు కాసేపు. తిన్నవా అని అడుగుతుంది. ఆ ఒక్క మాటతో సముద్రానికి ఇవతలా అవతలా రెండిళ్లల్లో ఆ రాత్రి నిద్ర పడుతుంది.

అందుకే రోజూ రా. పంట పండిన రోజూ రా, వడగండ్లు రాలిన రోజూ రా. కుర్చీలో కూర్చున్న మా పెద్దల దగ్గరికి ముందు రా, కానుకల లెక్క రాసే చేతి దగ్గరికి రా, వాక్యం చెప్పే నోటి దగ్గరికి రా. పిల్లల దగ్గరికి భయమై రాకు, అమ్మ ఒడిలో చెప్పుకునే గుట్టువై రా. కోపం మీద పొద్దు గూకనివ్వవద్దని అపొస్తలుడు చెప్పిన మాటవై మా గడప మీద కాపలా కాయి.

చదువుతున్న అన్నా, అక్కా, మీరు ఏ గుడికి పోయేవారైనా, అసలు పోనివారైనా, మీకూ ఒక గట్టు ఉంటుంది, ఒక ఫోను నంబరు ఉంటుంది. దాన్ని ఆదివారం దాకా ఆపవద్దు, పండుగ దాకా ఆపవద్దు. గట్టు అయితే రేపు పొద్దున పార తీసుకుని పోండి. ఫోను అయితే ఇప్పుడే చేయండి.